బోల్టు రంధ్రాలు కలిస్తే డ్యాంపర్ అయిపోతుందా?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ విడిభాగాల దుకాణానికైనా వెళ్లి లారీ ఇంజిన్‌కు డ్యాంపర్ (ఇంజిన్ ముందు కొసన బిగించే, కంపనాన్ని అణచే చక్రం) కావాలని అడగండి. ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "కంపెనీదా, బయటిదా?" ఇంజిన్ నంబరు అడగరు, హార్స్‌పవర్ అడగరు. కొనేవాళ్లూ అంతే. పాతదాన్ని గోనెసంచిలో వేసుకొచ్చి, కొత్తదాన్ని దాని మీద పెట్టి, బోల్టు రంధ్రాలు కలిశాయా, బెల్టు గాడులు సరిపోయాయా అని చూసి డబ్బులిచ్చేస్తారు. లారీ యజమానుల వాట్సాప్ గ్రూపుల్లో తెగకుండా సాగే 'ఒరిజినలా, ఆఫ్టర్‌మార్కెటా' అనే తగవు ఇంతకు మించి లోతుకు పోదు. నాకు చిరాకు తెప్పించేది అదే.

అసలు ఆ వస్తువు అక్కడ ఎందుకుంది? ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్ల పోటుతో తిరిగే ఉక్కు ఇరుసు, ఒక చుట్టు తిరిగేలోగా మూడు సిలిండర్లలో ఇంధనం మండుతుంది. మండిన ప్రతిసారీ ఆ ఉక్కు కాస్త మెలి తిరిగి, మళ్లీ విడుతుంది. డిగ్రీలో చిన్న భాగమంత మెలిక, కంటికి ఆనదు. కానీ ప్రతి క్రాంక్‌కూ తనదైన సహజ కంపనం ఉంటుంది. సిలిండర్ల దెబ్బలు దానితో జతకలిసే వేగాల దగ్గర ఆ మెలిక పెరుగుతూ పోతుంది. వెనుక ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది కనుక అటువైపు కదలిక తక్కువ, ముందు కొస దగ్గర ఎక్కువ. డ్యాంపర్‌ను అక్కడ బిగించేది అందుకే. బెల్టు తిప్పడం దానికి అదనపు పని.

డ్యాంపర్లలో రబ్బరు రకం, విస్కస్ (చిక్కటి ద్రవం) రకం అని ఉంటాయి. రబ్బరు రకంలో నడి హబ్బుకూ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది; ఆ రింగు బరువునూ, రబ్బరు గట్టిదనాన్నీ ఫలానా క్రాంక్ కంపనానికి సరిపడేలా కుదురుస్తారు. ఒకే కుటుంబానికి చెందిన ఇంజిన్లలో తక్కువ హార్స్‌పవర్ మోడల్‌కు ఒక డ్యాంపర్, ఎక్కువదానికి ఇంకొకటి ఉండవచ్చు. రంధ్రాలు మాత్రం రెండింటికీ ఒకేలా ఉండవచ్చు. రబ్బరు తేడా పడితే అది వేరే కంపనాన్ని అణచబోతుంది, అణచాల్సింది అలాగే మిగులుతుంది. విస్కస్ రకం ఇంకా సున్నితం. మూసేసిన ఉక్కు డబ్బాలో బరువైన రింగు విడిగా ఉంటుంది. రింగుకూ డబ్బాకూ మధ్య మిల్లీమీటరు కూడా లేని సందులో చిక్కటి సిలికాన్ ద్రవం. కంపనం ఆ ద్రవంలో రాపిడికి లోనై, వేడిగా మారి బయటకు పోతుంది. డబ్బాకు సొట్ట పడితే లోపలి రింగు పట్టేయవచ్చు. పట్టేశాక అది ఉత్త బరువు.

అందుకే ఆటోనగర్‌లో సొట్టలు తీసి, నల్లరంగు కొట్టి అమ్మే 'రీకండిషన్' విస్కస్ డ్యాంపర్ల విషయంలో నాకు సహనం లేదు. "బ్యాలెన్స్ చేయించే ఇస్తున్నాం సార్" అంటారు. బ్యాలెన్స్ అంటే తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగకుండా చూడటం. మెలిక కంపనాన్ని అణచడం పూర్తిగా వేరే పని. ద్రవం గడ్డకట్టి, రింగు డబ్బాకు అతుక్కుపోయినా బ్యాలెన్స్ యంత్రం మీద అది చక్కగానే తిరుగుతుంది. ఆ మాటకొస్తే గుండ్రటి ఇనుప దిమ్మ కూడా తిరుగుతుంది.

మా బావగారి టిప్పర్‌కు క్రాంక్ విరిగింది. కొత్త క్రాంక్, కొత్త బేరింగులు, అన్నీ కంపెనీవే వేయించి, పాత డ్యాంపర్‌ను మాత్రం కడిగి మళ్లీ బిగించారు. ఏడాది తిరగకముందే మళ్లీ విరిగింది. "మేస్త్రి బాగానే ఉందన్నాడు, చూడటానికి కొత్తదానిలా ఉంది కదయ్యా" అన్నారాయన. విరగడానికి ముందే సూచనలన్నీ వచ్చాయి. ముందు బోల్టులు వదులయ్యాయి, టైమింగ్ గేర్లు చప్పుడు చేశాయి, ఆల్టర్నేటర్ బ్రాకెట్ పగిలింది. ఒక్కోదాన్ని ఒక్కో షెడ్డులో విడివిడిగా బాగుచేయించారు. బిల్లులన్నీ కలిపితే కొత్త డ్యాంపర్ వచ్చేది.

షోరూంల వాళ్లు ఇది విని సంబరపడనక్కర్లేదు. మా పెట్టెలో లేనిదంతా నకిలీయే అని వాళ్లు చేసే ప్రచారం సగం బెదిరింపు. చాలా ఇంజిన్ కంపెనీలు డ్యాంపర్లను సొంతంగా చేయవు. జర్మనీలోని హాస్సె అండ్ వ్రెడె లాంటి ప్రత్యేక తయారీదారుల దగ్గర కొంటాయి. అలాంటి తయారీదారు సరుకు తన సొంత పెట్టెలో తక్కువ ధరకు దొరికితే దాన్ని 'బయటిది' అని చిన్నచూపు చూడటం అన్యాయం. దాన్నీ, ఊరూ పేరూ లేని పోత పుల్లీనీ ఒకే గాటన కట్టడం ఇంకా అన్యాయం.

పెట్టెను చూసి నమ్మేవాళ్లకు ఇంకో మాట. పెట్టెలు కూడా నకిలీవి వస్తాయి. తప్పుడు ట్రేడ్‌మార్కు అతికించినా, తెలిసి అలాంటి సరుకు అమ్మినా 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. కానీ మీ చేతిలో ఉన్నది తెల్లచీటీ అయితే ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు? 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు వద్దనే సాకు కూడా పలచబడింది. పార్ట్ నంబరుతో సహా బిల్లు రాయించుకోండి.

నా లెక్క ఇది. అద్దాలు, మడ్‌గార్డులు, క్యాబిన్ సామాను ఎంత చవకగా కొన్నా నాకు అభ్యంతరం లేదు. డ్యాంపర్ దగ్గర మాత్రం ఒరిజినల్, లేదా ఇంజిన్ కంపెనీకి సరఫరా చేసే తయారీదారుది, అదీ ఇంజిన్ నంబరుతో కేటలాగులో సరిచూసుకున్నాకే. విస్కస్ రకమైతే ఇంజిన్ దించి బోరు చేయించినప్పుడు దాన్నీ మార్చాల్సిందే. అమెరికాలో వాటిని తయారుచేసే వైబ్రాటెక్ సంస్థ 5 లక్షల మైళ్లకు, అంటే సుమారు 8 లక్షల కిలోమీటర్లకు, లేదా 15,000 గంటలకు మార్చమంటుంది. మన దగ్గర ఆ గంటల లెక్కే ముఖ్యం. గచ్చిబౌలి సైట్ల ముందు బండి ఇంజిన్‌తోనే డ్రమ్ము తిప్పుతూ నిలబడే రెడీమిక్స్ లారీకి కిలోమీటర్ల మీటరు ఏం చెబుతుంది?

రబ్బరు రకమైతే కొత్తది బిగించిన రోజే నడి హబ్బు నుంచి బయటి రింగు దాకా తెల్లపెయింటుతో ఒక అడ్డగీత గీయించండి. ఆ గీత మధ్యలో తెగి పక్కకు జరిగితే రబ్బరు జారిందన్నమాట. మేస్త్రి ఏమన్నా వినకండి.

ఇక "డ్యాంపర్‌కు ఆరు నెలలు గ్యారంటీ ఇస్తున్నాం" అని దుకాణదారు అంటే, క్రాంక్ విరిగితే దానికీ ఇస్తారా అని అడిగి చూడండి. అప్పటిదాకా తెరిచి ఉన్న బిల్లు పుస్తకం ఎంత త్వరగా మూతపడుతుందో మీకే తెలుస్తుంది.