చిల్లరగా వచ్చిన సిగరెట్టు గారికి

విశాఖపట్నం,
మానేసిన 41వ రోజు, రాత్రి.

మహారాజశ్రీ లూజు సిగరెట్టు గారికి,

నమస్కారం. ప్రస్తుతం తమరు మా ఇంటి పోపులపెట్టెలో, ఆవాలకీ మెంతులకీ మధ్య హాయిగా పవళించి ఉన్నారు. సాక్ష్యం పోకూడదని మా ఆవిడ తమర్ని అక్కడ భద్రపరిచింది. నేను హాల్లో సోఫా మీద ఉన్నాను. సోఫా మీద ఎందుకున్నానో తమరికి వేరే చెప్పక్కర్లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈ లోకంలో నన్ను నమ్మగలిగింది తమరొక్కరే. తమరు అక్కడే ఉన్నారు కాబట్టి.

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పాత బడ్డీకొట్టు దగ్గర ఆగాను. నలభై రోజులుగా ఆ వీధి ముఖం చూడకుండా, అర కిలోమీటరు చుట్టు తిరిగి, పెట్రోలు తగలేసుకుంటూ ఇంటికి వెళ్తున్నవాణ్ణి. ఇవాళ దాహం వేసింది. నలభై దాటేశాం కదా, ఇంకేం చేస్తుందిలే అని కొంచెం పొగరు కూడా వచ్చింది. నిమ్మసోడా తాగాను, పల్లీచిక్కీ కొన్నాను. ఫోన్లో ఛార్జింగ్ లేదు. ఉండుంటే స్కాన్ చేసి పోయేవాణ్ణి, ఈ ఉత్తరమే ఉండేది కాదు. యాభై నోటు ఇచ్చాను. ముప్పై పోను ఇరవై రావాలి. కొట్టతను గల్లాపెట్టెలో చెయ్యి పెట్టి కెలికి, "చిల్లర లేదు సార్" అన్నాడు. చాక్లెట్లు అంటగడతాడేమో అనుకునేలోపు తమర్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"మీ బ్రాండే సార్. మర్చిపోతానా? ఊరెళ్లారా ఏంటి, కనబడ్డం లేదు?"

అభిమానమంటే అది. మా మేనమామకి కూడా నా మీద అంత గుర్తు లేదు.

తర్వాత కథ మామూలే. చొక్కా జేబు, చొక్కా ఉతుకుల బుట్టలోకి, బుట్ట దగ్గర మా ఆవిడ. "ఏంటిది?" అంది. "చిల్లర," అన్నాను.

అయ్యా, ఒక్కసారి ఆలోచించండి. పన్నెండేళ్ల కాపురంలో నేను ఆవిడకి ఎన్ని అబద్ధాలు చెప్పలేదు? బస్సులో పక్కాయన తాగాడన్నాను. ఆఫీసులో దోమలకి వేపాకు పొగ వేశారన్నాను. గుళ్లో అగరొత్తులన్నాను. మీటింగులో మేనేజరు గుప్పుగుప్పుమని ఊదేశాడని ఎన్నిసార్లు చెప్పానో లెక్కే లేదు. ఆఫీసు గదుల్లో పొగతాగడం 2008 అక్టోబరు 2 నుంచీ నిషేధమని ఆవిడకి తెలియదనుకున్నాను. పాపం మా మేనేజరు వక్కపొడి కూడా ముట్టడు. ఆయన్ని పన్నెండేళ్లు ఊపిరితిత్తులు మాడ్చుకుంటున్న మనిషిగా నిలబెట్టాను. అన్నీ చెల్లాయి. చివరికి ఒక్క నిజం, పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్క నిజం చెబితే, అది నా జీవితంలోకెల్లా నాసిరకం అబద్ధంలా వినపడింది!

"ఇంతకన్నా బస్సులో పక్కాయనే బాగుండేవాడు," అంది ఆవిడ. అంటే అవి కూడా నమ్మలేదన్నమాట. పన్నెండేళ్ల నా కళాపోషణ అంతా ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోయింది.

సాక్ష్యం కోసం మా గుంపు పెద్దాయనకి ఫోన్ చేశాను. మా గుంపు తమరికి తెలియదు. తమర్ని వదిలించుకోవాలని పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచే నలుగురం. కాళీమాత గుడి దగ్గర కలిసి, సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక వెనక్కి తిరుగుతాం. పెద్దాయన పోర్టులో రిటైరయ్యాడు, బైపాస్ అయింది. మానేసిన ఇరవై నిమిషాలకి గుండె వేగం తగ్గుతుందనీ, పన్నెండు గంటలకి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలుకొస్తుందనీ, ఏడాదికి గుండెజబ్బు ముప్పు సగమవుతుందనీ పంచాంగం చదివినట్టు చదువుతాడు. గుంపుకి ఒకటే రూలు. మనసు లాగితే సిగరెట్టుకి కాదు, ఫోనుకి చెయ్యి పెట్టాలి. అవతలివాడు ఏ పనిలో ఉన్నా ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆ లాగుడు అంతకు మించి గట్టిగా నిలబడదంటాడాయన. నిజమే. ఒకసారి నాతో వంకాయ నారు గురించి మాట్లాడించాడు. నాకు పెరడే లేదు.

అలాంటి మహానుభావుడు స్పీకర్లో ఏమన్నాడో విన్నారుగా?

"చిల్లర బదులిచ్చాడా? అయ్యో చెల్లెమ్మా, నేనైతే లాటరీలో వచ్చిందని చెప్పేవాణ్ణి."

గుంపు పెట్టుకున్నది ఇందుకా!

ఇక తమర్ని వదిలేశాక నేను పడ్డ పాట్లు టూకీగా విన్నవించుకుంటాను. పొద్దున్నే తమరు లేనిదే కదలనని కడుపు మొండికేసింది. ఇసబ్‌గోల్ దాన్ని బతిమాలుతోంది. తాగినన్నాళ్లు లేని దగ్గు మానేశాక మూడు వారాలు వచ్చింది. లోపల ఊడుస్తున్నారు, మంచిదేనన్నాడు డాక్టరు. నికోటిన్ గమ్మిచ్చారు. అది చుర్రుమనేదాకా నమిలి, బుగ్గన పెట్టి ఊరుకోవాలట. ఆవు నెమరేసినట్టు నమిలేశాను, ఆడిట్ ఆఫీసరు ముందు ఎక్కిళ్లు. సాయంత్రం ఆ టైముకి చెయ్యి ఖాళీగా ఉండకూడదని బీచిలో మురీ మిక్చర్ మొదలెట్టాను. మూడు కిలోలు పెరిగాను. నడక మిక్చర్‌కి సరిపోతోంది, సిగరెట్టుకి వేరే నడవాలి.

వీటన్నిటినీ క్షమిస్తాను. ఒక్కటి మాత్రం క్షమించలేను. తమరు ఒంటరిగా వస్తారే, అది.

నేను ఇరవై రెండేళ్లలో ఒక్క సిగరెట్టు పెట్టె కొనలేదు. ఒక్కటంటే ఒక్కటి. ఎప్పుడూ లూజే. పెట్టె కొనేవాడు పొగరాయుడు, నేను ఏదో అప్పుడప్పుడూ అనుకునేవాణ్ణి. రోజుకి తొమ్మిది "అప్పుడప్పుడూ"లు! పెట్టె ఉంటే సాయంత్రానికి ఖాళీ పెట్టె లెక్క చెప్పేది. తమరికి లెక్క లేదు. ప్రతిసారీ ఒకటే, ప్రతిసారీ మొదటిదే, వీలైతే ప్రతిసారీ చివరిదే.

2016 ఏప్రిల్ నుంచి పెట్టెకి రెండు వైపులా 85 శాతం మేర పుండ్లు పడ్డ బొమ్మ, హెచ్చరిక వేయాలన్నారు. తర్వాత 1800-11-2356 అని మానిపించే ఫోను నంబరు కూడా అచ్చేయించారు. ఎంత కష్టపడి వేశారో పాపం. ఆ బొమ్మ ఎవరు చూస్తున్నారు? బడ్డీకొట్టతను చూస్తున్నాడు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ బొమ్మ ఎదురుగా కూర్చునేది అతను, అతనికేమో ఆ అలవాటే లేదు. నాకు అందేది తెల్లగా, సన్నగా, పెళ్లిచూపులకి కూర్చున్న పిల్లాడిలా బుద్ధిగా ఉన్న తమరు. బొమ్మ లేదు, నంబరు లేదు, హెచ్చరిక లేదు. వేలాడే తాడుకి నిప్పు మాత్రం సిద్ధం.

మర్యాద ఇంక నావల్ల కాదు. నువ్వే.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా ముగ్గురి జేబులూ దులిపితే పెట్టె కొనే డబ్బులు లేవు. పెట్టెలే అమ్మి ఉంటే ఆ రోజు ముగ్గురం సమోసా తిని ఇంటికి పోయేవాళ్లం. కానీ నువ్వున్నావు, మా చిల్లరకి సరిపోయే సైజులో. ట్యూషన్ సెంటర్ గోడ పక్కన, ముగ్గురం ఒకటే తాగాం. నాకు వాంతయింది. వాళ్లు నవ్వారు. నవ్వకూడదని మర్నాడు మళ్లీ తాగాను. అంతే, ఇరవై రెండేళ్లు. పద్దెనిమిదేళ్లు నిండనివాడికి అమ్మకూడదని, బడికీ కాలేజీకీ వంద గజాల్లోపు అమ్మకూడదని 2003 చట్టంలోనే ఉంది. ఇవాళ కూడా నేను సోడా తాగుతుంటే స్కూలు బ్యాగులతో ఇద్దరు వచ్చారు. మూతి మీద నూనూగు కూడా సరిగా రాలేదు. "అన్నా, ఒకటి." ఒకటే! ఇద్దరికి ఒకటి! కొట్టతను వాళ్ల వయసు అడగలేదు. నేనూ నోరెత్తలేదు, సోడా తాగుతూ నిలబడ్డాను, ఆ మాట కూడా రాయాలి. మహారాష్ట్ర వాళ్లు 2020లో నిన్ను విడిగా అమ్మొద్దన్నారు. నీ ఎలక్ట్రిక్ తమ్ముణ్ణి, అదే ఈ-సిగరెట్టుని, 2019లో దేశమంతా నిషేధించారు. అన్నవైన నువ్వు మాత్రం గాజు సీసాల పక్కన, చిక్కీల మీద, చిల్లర కింద చలామణీ అవుతున్నావు. రిజర్వు బ్యాంకు కూడా ఏమీ అనట్లేదు.

మా నాయనమ్మది శ్రీకాకుళం వైపు. అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునేది. అంగిలి కాలి తెల్లబడింది. మానమని మా నాన్న అరిస్తే, "నేను చుట్ట తాగుతున్నానని నాకు తెలుసురా," అనేది. ఆవిడకి ఆ సంగతి తెలుసు. నాకు ఇరవై రెండేళ్లు తెలియలేదు.

ఇంత కోపంగా రాస్తూ ఒక విషయం దాటేశాను. దాటేద్దామనే అనుకున్నాను. కానీ మా ఆవిడ పడుకోబోతూ గుమ్మంలో ఆగి అడిగేసింది.

"సరే, వాడు చిల్లర బదులే ఇచ్చాడు. నమ్ముతాను. మరి వద్దని అక్కడే పెట్టెయ్యకుండా, జేబులో ఎందుకు పెట్టుకున్నారు?"

దీనికి బస్సులో పక్కాయన కూడా పనికిరాడు.

నీకు తెలుసు. బండి స్టార్ట్ చేసేముందు నిన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెలిగించని పొగాకు వాసన అంత బాగుంటుందని ఇరవై రెండేళ్లలో గమనించలేదు, కాల్చెయ్యడమే సరిపోయింది. సిగ్నలు దగ్గర మళ్లీ ఒకసారి. ఇంటి సందు మొదట్లో, తాడుకి నిప్పున్న ఇంకో కొట్టు ముందు, బండి దానంతటదే నెమ్మదించింది. ఫోనుకి చెయ్యి పెట్టాలని రూలు. ఫోను చచ్చి ఉంది. వంకాయ నారు గురించి నాతో నేనే మాట్లాడుకుంటూ ఇంటికి వచ్చాను.

ఇదంతా ఆవిడకి చెప్పాను. ఏమీ అనలేదు. దుప్పటి తెచ్చి నా మీద పడేసి వెళ్లింది.

పదకొండున్నరకి పెద్దాయనకి మళ్లీ ఫోన్ చేశాను. నిద్రలోంచి లేచాడు. "వెలిగించావా?" అన్నాడు. లేదన్నాను. "అయితే నలభై ఒకటి నలభై ఒకటే. పడుకో. పొద్దున్న దాన్ని పట్టుకురా, అందరం కొట్టుకి పోదాం," అన్నాడు.

కాబట్టి రేపు నడక అయ్యాక బడ్డీకొట్టు దగ్గర దిగబడతాం. అక్కడ నిన్ను నలుగురి ఎదుట తిరిగి ఇచ్చేస్తాను, నా ఇరవై రూపాయలు నాకు కావాలి. చిల్లర లేదంటే వచ్చేదాకా నిలబడతాం.

మా ఆవిడ కూడా వస్తానంది. సాక్ష్యానికి కాదట, వసూలుకి.

ఇట్లు,
42వ రోజులోకి వచ్చి పావుగంట అయినవాడు