సవరణ: సవర ద్రావిడ భాష కాదు

కేరళలోని తలశ్శేరికి చెందిన ఞాట్యేల శ్రీధరన్ గారి గురించి మొన్న రాశాను. నాలుగో తరగతితో చదువు ఆగిపోయి, బీడీ పని చేసిన ఆయన పాతికేళ్లు కష్టపడి మలయాళం, కన్నడం, తమిళం, తెలుగు మాటలను ఒకే నిఘంటువులోకి తెచ్చారు. ఆ వివరాల్లో మార్పు లేదు.

తప్పు ఆ రాతలోని చివరి వాక్యంలో ఉంది. నేను ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. "మా గజపతి, రాయగడ జిల్లాల్లోని సవర, కువి లాంటి ద్రావిడ భాషలకూ ఇలాంటి నిఘంటువు కావాలి" అన్నాను. కువి ద్రావిడమే. సవర మాత్రం ముండా భాష, అంటే ద్రావిడం కాని వేరే కుటుంబానిది. లెక్కపెట్టి చూడండి: మనకు ఒకటి, రెండు, మూడు, మరో ద్రావిడ భాష గోండీలో ఉండి, రండ్, మూండ్. సవరలోనైతే అబొయ్, బాగు, యాగి. చుట్టరికం ఎక్కడుందో చెవికే తెలిసిపోతుంది.

గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని నిఘంటువులు చేసింది మా పర్లాకిమిడిలోనే. ఇక్కడే ఉంటూ నేను ఇలా రాసినందుకు నిజంగా బాధగా ఉంది. సవర మిత్రులు క్షమించాలి.

ఇంకొకటి. కొరాపుట్ వైపు 'గదబ' అని ఒకే పేరుతో పిలిచేవి రెండు భాషలు: గుతోబ్ ముండా, ఒల్లారి ద్రావిడం. నా ద్రావిడ భాషల జాబితాలో నేను రెండింటినీ కలిపేశాను. ఇప్పుడు ఈ రెండింట్లో ఒల్లారిని మాత్రమే అందులో ఉంచాను.