కాస్టిక్ డ్రమ్ములో వేస్తే ఇంజను కొత్తదవుతుందన్న మాటకు ఖండన

ఇంజను విప్పి కూర్చున్నవాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక సందేశం విపరీతంగా తిరుగుతోంది. విడిభాగాలకు పట్టిన మొండి జిడ్డు వదిలించడానికి షాపుకు డబ్బులు పెట్టనవసరం లేదనీ, డ్రమ్ములో నీళ్లు మరగబెట్టి కాస్టిక్ సోడా కలిపి భాగాలన్నీ అరగంట వేస్తే కొత్తవాటిలా మెరుస్తాయనీ అది చెబుతుంది. మిగిలిన జిడ్డును పెట్రోలుతో కడగాలట. హెడ్డుకు (ఇంజను పైభాగాన మూతలా ఉండేదానికి) అతుక్కున్న పాత ప్యాకింగును (రెండు భాగాల మధ్య కారకుండా వేసే పలుచని పొరను) గ్రైండరుకు ఎమిరీ బిళ్ల బిగించి లేపేయాలట. ఆపైన నీళ్లు కొట్టి ఎండలో ఆరబెట్టాలట. కాస్టిక్ ఒంటిమీద పడితే నిమ్మరసం రాసుకోవాలట. నెల్లూరు ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాడిగా, ఈ సలహాలవల్ల పాడైన భాగాలను చేతిలోకి తీసుకుని చూసినవాడిగా, ఒక్కొక్క మాటకూ జవాబు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదటిది, భాగాలన్నిటినీ కాస్టిక్‌లో వేయవచ్చునన్న మాట. ఇందులో కొంత నిజం ఉన్నందువల్లనే ఇది ఇంత దూరం పాకింది. పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజనులో బ్లాకూ (సిలిండర్లు ఉండే మొండెం) హెడ్డూ రెండూ పోత ఇనుమువే. పోత ఇనుము కాస్టిక్‌ను తట్టుకుంటుంది కాబట్టి ఆ రోజుల్లో పెద్ద షాపుల్లో వేడి కాస్టిక్ తొట్టెలు ఉండేవి, లారీ బ్లాకులకు ఇప్పటికీ వాడేవారున్నారు. కానీ ఇప్పటి కార్లలో హెడ్డు దాదాపు ఎప్పుడూ అల్యూమినియమే, పెట్రోలు కార్లలో చాలావాటికి బ్లాకు కూడా అదే. పిస్టన్లు, టైమింగ్ కవరు, ఆయిల్ పంపు బాడీ సరేసరి. అల్యూమినియాన్ని గాలినుంచీ నీటినుంచీ కాపాడేది దాని ఒంటిమీద ఉండే పలుచని ఆక్సైడ్ పొర. కాస్టిక్ ముందు ఆ పొరను కరిగిస్తుంది, తరువాత లోహాన్నే తినడం మొదలుపెడుతుంది. అప్పుడు బుసబుసా పైకి లేచే బుడగలను చూసి జిడ్డు వదులుతోందని సంతోషిస్తారు గానీ, అవి హైడ్రోజన్ బుడగలు. గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, హైడ్రోజన్ అంటుకుంటుంది. ఆ డ్రమ్ము కిందనేమో పొయ్యి మండుతూ ఉంటుంది.

కావలి వైపు నుంచి ఒక కుర్రవాడు తన కారు హెడ్డును గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. అది బొగ్గులా నల్లగా ఉంది. "అన్నా, అరగంట తరువాత తీసి చూస్తే నల్లగానే ఉంది, ఇంకా మసి వదల్లేదనుకుని మరో గంట ఉంచాను" అన్నాడు. ఆ నలుపు మసి కాదు. హెడ్డుకు వాడేది శుద్ధమైన అల్యూమినియం కాదు, అందులో సిలికాన్, రాగి కలిసి ఉంటాయి. అల్యూమినియం కరిగిపోయినకొద్దీ కరగని ఆ మిగులు పైన నల్లటి పొడిగా తేలుతుంది. అంటే అతడు మురికి అనుకున్నది తన హెడ్డు కరిగిన గుర్తే. ప్యాకింగు కూర్చునే ముఖం మీద బొటనవేలి గోరు నడిపితే మసూచి మచ్చలు తగిలినట్టు గుంటలు తగిలాయి. ముఖాన్ని లేత్ షాపులో కొంతవరకు చెక్కించవచ్చు. కానీ ఆ హెడ్డులో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు తిరిగే గూళ్లు కూడా అదే అల్యూమినియంలో చెక్కినవి. అవి వదులైపోయాక చేయగలిగిందేమీ లేదు. డ్రమ్ములో వేసేవరకు పనికొచ్చిన హెడ్డు పాత ఇనుము కొట్టుకు పోయింది. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అతడు డబ్బు మిగుల్చుకోవాలనుకున్నాడే తప్ప నిర్లక్ష్యం చేయలేదు. చదివినదాన్ని నమ్మాడు, అంతే.

కాబట్టి భాగాన్ని కడిగేముందు దానికి అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకోకపోతే కాస్టిక్ దగ్గరికి పోనివ్వకూడదు. అంటుకున్నా ఒక చోట మాత్రం మోసపోతాం: బేరింగు షెల్లుకు (తిరిగే ఇరుసును పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు రేకుకు) వెనక వైపు ఉక్కు రేకు ఉంటుంది కనుక అయస్కాంతం టక్కున పట్టుకుంటుంది, కానీ లోపలి ముఖం మెత్తని మిశ్రలోహం, చాలావాటిలో అది అల్యూమినియం, తగరం కలిసినది. ఇనుప బ్లాకును కాస్టిక్‌లో వేసేవారు కూడా క్యామ్‌షాఫ్టు తిరిగే మెత్తని లోహపు బుష్షులను ముందే తీసివేయడం ఇందుకే.

ఇంకొక సంగతి ఆ సందేశం రాసినవారికి తెలియదనిపిస్తుంది. వంటనూనె జిడ్డును, కొవ్వును కాస్టిక్ సబ్బుగా మారుస్తుంది. వంటింటి తూములో అది అద్భుతంగా పనిచేసేది అందువల్లనే. ఇంజను ఆయిలు ఖనిజతైలం, అది సబ్బుగా మారదు. వేడికీ, నానడానికీ, అందులో కలిపే ఇతర పదార్థాలకూ జిడ్డు వదులుతుంటే, ఆ కీర్తిని కాస్టిక్ ఒక్కటే కొట్టేస్తోంది. చీమకుర్తి క్వారీల వైపు తిరిగిన బండ్లకు ఆయిలూ రాతిపొడీ కలిసి తారులా గట్టిపడిన పొర పడుతుంది, దాన్ని చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అటువంటిదాన్ని కూడా నేను కిరసనాయిల్లోనో డీజిల్లోనో రాత్రంతా నానబెట్టి, పొద్దున వెదురుబద్దతో గీకి, బ్రష్షుతో రుద్ది, బట్టల సబ్బుపొడి కలిపిన వేడినీళ్లతో కడిగి వదిలిస్తున్నాను. పిస్టన్ తలమీది కార్బన్‌కు కార్బురేటర్ క్లీనరులో నానబెట్టి ఇత్తడి బ్రష్షు వాడితే చాలు. ఉక్కు బ్రష్షు పిస్టన్ రింగులు కూర్చునే గాడుల అంచులను గీరేస్తుంది.

పెట్రోలుతో కడగమన్న మాటకు ఎక్కువ రాయనవసరం లేదు. సున్నాకు నలభై డిగ్రీలు దిగువన కూడా పెట్రోలు అంటుకోగలిగినంత ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి గాలికంటే బరువు కనుక నేలమీద పాకి దూరంగా ఉన్న పొయ్యిని వెతుక్కుంటుంది. పైగా అందులో ఒక శాతం వరకు బెంజీన్ ఉండవచ్చు, అది క్యాన్సర్ కారకం, చేతి చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. కిరసనాయిలు ఎంతో మేలు, అయితే రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండకు పళ్లెంలో వెచ్చబడిన కిరసనాయిలును కూడా నిప్పుకు దూరంగానే ఉంచాలి.

ఎమిరీ బిళ్ల విషయం అలా వదిలేసేది కాదు, ఎందుకంటే దీన్ని అనుభవమున్న మెకానిక్కులు కూడా చేస్తున్నారు. ఆ బిళ్లనుంచి రాలేది అల్యూమినియం ఆక్సైడ్ రవ్వ. పేరులో అల్యూమినియం ఉన్నా అది ఉక్కును కోసేంత గట్టిది. క్రాంకుకూ (పిస్టన్లు తిప్పే ఇరుసుకూ) బేరింగుకూ మధ్య ఆయిలు నిలిచే సందు మామూలుగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు చుట్టుపక్కల ఉంటుంది. ఆ సందులోకి ఈ రవ్వ చేరితే మెత్తని బేరింగులో కూరుకుని క్రాంకును గీస్తూ కూర్చుంటుంది. జనరల్ మోటార్స్ కంపెనీ ఈ బిళ్లలను ప్యాకింగు ముఖాలమీద వాడవద్దని తన మెకానిక్కులకు ప్రత్యేకంగా సర్వీసు బులెటినే పంపింది. ప్యాకింగు వదిలించే ద్రవం పూసి పది నిమిషాలు ఆగి ప్లాస్టిక్ బద్దతో గీకితే ఎక్కువ సేపు పడుతుంది, నిజమే. రెండో సారి ఇంజను దించడానికి పట్టే సమయం ముందు అది ఏపాటిది?

ఇక నీళ్లు కొట్టి ఎండలో పెట్టమన్న సలహా. మన తీరంలో సముద్రపు గాలిలో తేమకు, అప్పుడే హోనింగ్ చేసిన (సానరాళ్లతో సన్నని గీతలు పెట్టిన) ఇనుప బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, చూస్తూ ఉండగానే పసుపు పూసినట్టు తుప్పెక్కుతుంది. అయినా నీళ్లు తప్పు కాదు, సబ్బు లేకపోవడం తప్పు, ఆరబెట్టే తీరు తప్పు. హోనింగ్ గీతల్లో ఇరుక్కున్న రాతి రవ్వను కిరసనాయిలు గానీ పెట్రోలు గానీ బయటికి తేలేవు, అవి ఆయిలును మాత్రం కడిగేసి రవ్వను అక్కడే వదిలేస్తాయి. సబ్బు కలిపిన వేడినీళ్లు, గట్టి బ్రష్షు, ఓపిక కావాలి. కడిగాక తెల్లటి బనియన్ గుడ్డకు కాస్త ఆయిలు అద్ది బోరు లోపల తిప్పి తీయండి. గుడ్డమీద బూడిదరంగు మరక కనబడితే మళ్లీ కడగాలి. నాకు నాలుగైదు సార్లు కడిగితే గానీ గుడ్డ తెల్లగా రాదు. వచ్చిన వెంటనే కంప్రెసర్ గాలితో ఆరగొట్టి, తుప్పు పట్టకముందే ఆయిలు పూయాలి.

బ్లాకు లోపలి ఆయిలు దారుల గురించి ఆ సందేశంలో ఒక్క మాట కూడా లేదు. పైన మెరిసే బ్లాకు లోపల దారి చివరి బిరడాలు విప్పి సన్నని పొడుగాటి బ్రష్షు దూర్చితే, నల్లటి ముద్దతో పాటు పాత బేరింగు అరిగి రాలిన మెరుపు పొడి వస్తుంది. డ్రమ్ములో వేసినప్పుడు కరిగిన మురికి పోయి చేరేది కూడా అక్కడికే. ఇంజను మొదటిసారి స్టార్టు చేయగానే ఆయిలు ఒత్తిడికి అదంతా కొత్త బేరింగుల్లోకి వెళ్తుంది.

చివరిగా నిమ్మరసం. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. కాస్టిక్ ఇంజను ఆయిలును సబ్బు చేయలేదని పైన రాశాను. మన చర్మంలోని కొవ్వును మాత్రం చేస్తుంది. వేలికి తగిలినప్పుడు జారుడుగా అనిపించేది ఆ సబ్బే. మొదట్లో మంట పెద్దగా ఉండకపోవచ్చు, ఆలోగా అది లోపలికి దిగుతూనే ఉంటుంది. నిమ్మకాయ వెతికి కోసి పిండేలోపు పోయే నిమిషాలే ముఖ్యమైనవి, పైగా పులుపూ కాస్టిక్కూ కలిసినప్పుడు వేడి పుడుతుంది. పొడి పలుకులు పడితే ముందు గుడ్డతో దులిపి, తడిసిన బట్టలు విప్పేసి, కుళాయి కింద కనీసం ఇరవై నిమిషాలు ఆగకుండా నీళ్లు పోయాలి. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టి అలాగే నీళ్లు పోస్తూ, తరువాత నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కాస్టిక్ కలపక తప్పనివారు కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు వేసుకుని, చల్లటి నీళ్లలోకి కాస్టిక్‌ను కొద్దికొద్దిగా వేయాలి గానీ, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. పోస్తే అది ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.