గొంతు మారే పిల్లలకి శృతి దించాలండీ

హైస్కూల్ పిల్లలు, టీచర్లు, ఊరివాళ్లు కలిసి సంగీత నాటకం వేశారని మీ ఆర్టికల్‌లో రాశారు, చాలా బావుంది, కానీ అసలు కష్టం ఎక్కడుంటుందో అందులో రాలేదు. మాది ఒడిశా బోర్డరు, పర్లాకిమిడి వైపు. ఇక్కడ తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది ఒడియా మీడియమే, మాట తెలుగే గానీ చదవడం రాదు, అందుకని మా నాటకంలో తెలుగు పాటలన్నీ ఒడియా లిపిలో రాసిచ్చాం, వాళ్లు చకచకా పట్టేశారు, మొహం చిట్లించింది పెద్దవాళ్లే.

ఇంకోటి, మగపిల్లలకి 13-14 ఏళ్లప్పుడు గొంతు మారుతుంది కదా, జూన్‌లో హాయిగా పాడిన శృతి డిసెంబర్‌కి అందదు, హార్మోనియం మాస్టారేమో తన శృతి వదలరు! దించాలండీ, లేదా ఆ పైస్థాయి లైన్లు కోరస్‌కి ఇచ్చేయాలి. రికార్డెడ్ ట్రాక్ మాత్రం వద్దు, పిల్లోడు ఒక లైన్ మర్చిపోతే ట్రాక్ ఆగదు, హార్మోనియం అయితే కాస్త ఆగి మళ్లీ అందుకుంటుంది.

మా పక్కనే గంజాం జిల్లా పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఆడేవాళ్లు ఇంకా ఉన్నారు (ఒడియాలోనే అనుకోండి, కానీ రాగాల్లో కర్ణాటక సంగీతం వాసన బాగా తెలుస్తుంది), మెట్ల వేదిక పైన హిరణ్యకశిపుడు కూర్చుని గొంతెత్తితే చూడాలి. అలాంటి పెద్దల్ని రిహార్సల్స్‌కి పిలవండి, మాట చివరి వరస దాకా ఎలా వెళ్లాలో వాళ్లే నేర్పుతారు. మీ ఆర్టికల్‌లో కాస్ట్యూమ్స్ గురించి అంత పెద్ద పేరాగ్రాఫ్ ఎందుకో, ఊళ్లో టైలర్ చూసుకుంటాడు.

అన్నట్టు రిహార్సల్స్ స్కూల్ వదిలాక పెట్టారా? బస్సు మీద వచ్చే పిల్లల సంగతేం చేశారో చెప్పండి, మాకు అక్కడే ఆగిపోతోంది.