సవరణ: పాత రేంజ్ రోవర్ స్పోర్ట్ పొద్దున్నకి కుంగితే

మొదటి తరం రేంజ్ రోవర్ స్పోర్ట్ సెకండ్ హ్యాండ్‌లో కొనే ఖర్చుల మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో, రాత్రి ఆపిన బండి తెల్లారేసరికి కుంగితే కంప్రెసర్ పోయినట్టే, మార్చేయండి అని రాశాను. అది తప్పు, రాసింది నేనే. ఈ బళ్లు రోజూ చూసే మెకానిక్ ఒకరు చెప్పాక సర్వీస్ మాన్యువల్‌తో సరిచూసుకున్నాను.

ఈ బండి ఇనుప స్ప్రింగుల మీద కాదు, నాలుగు మూలలా గాలి నింపిన రబ్బరు సంచుల (ఎయిర్ స్ప్రింగుల) మీద నిలబడుతుంది. ఆగి ఉన్న బండిని కంప్రెసర్ నిలబెట్టదు, ఆ స్ప్రింగుల్లో గాలి నింపడమే దాని పని. బండి కుంగిందంటే గాలి ఎక్కడో లీకవుతోంది. ఎక్కువగా ఎయిర్ స్ప్రింగ్ రబ్బరు మడత పడే చోట సన్నటి పగుళ్లు వస్తాయి. పైపు జాయింట్లు, స్ప్రింగుల్లోకి గాలి దారిని తెరిచి మూసే వాల్వ్ బ్లాక్ కూడా అనుమానించాల్సినవే. పైగా లాక్ చేసి ఉన్నా బండి ఎత్తు చూసుకునే కంప్యూటర్ (కంట్రోల్ యూనిట్) మధ్యమధ్యలో మేల్కొని, మిగతా మూలల్ని కూడా దించి సమం చేస్తుంది. అందుకే లీకు ఒక మూలే అయినా మొత్తం బండి కుంగినట్టు కనిపించొచ్చు.

తగ్గిన గాలి నింపీ నింపీ కంప్రెసర్ వేడెక్కి చస్తుంది. లీకు వదిలేసి కొత్తది బిగిస్తే దానికీ అదే గతి, డబ్బు దండగ. ముందు సబ్బునీళ్లు కొట్టి బుడగలు చూడండి. స్టాండ్లు పెట్టకుండా మాత్రం బండి కిందికి దూరొద్దు.

ఇక అదే పోస్టులో రాసిన, డీజిల్ ఇంజిన్ టైమింగ్ బెల్టుతో పాటు ఇంజిన్ వెనకవైపు ఫ్యూయల్ పంపు బెల్టూ మార్చాలన్న మాటలో మార్పు లేదు.