ఆశయం ఉంటే డబ్బు దానంతట అదే వస్తుందన్న మెసేజ్‌కు ఒక లెక్కల మనిషి జవాబు

ఈ మధ్య ఒక మెసేజ్ మా నల్లగొండ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. కిరాణం వాళ్ల గ్రూపులో వచ్చింది, టైలర్ల గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా కాలనీ గణేశ్ మండపం గ్రూపులోనూ వచ్చింది. పైన సూర్యోదయం బొమ్మ, కింద ఐదు మాటలు. చిన్న వ్యాపారాలు మూతపడేది డబ్బు లేక కాదు, ఆశయం లేక. ఆశయం గొప్పదైతే డబ్బు దానంతట అదే వెంట వస్తుంది, అమ్మ భుజాల నొప్పి చూడలేక నూలు తిప్పే యంత్రం చేసిన మన ఆలేరు మల్లేశమే సాక్ష్యం. కస్టమర్ నీ సరుకు కొనడు, నీ కథ కొంటాడు. పనివాళ్లకు జీతం కన్నా ఆశయం ముఖ్యం. ఆశయం ఉన్నవాడు ఒక్క దుకాణంతో ఆగడు.

నేను పదిహేడేళ్లుగా చిన్న దుకాణాలకు లెక్కలు రాస్తున్నాను. సీఏను కాదు, బీకాంతో ఆగిపోయిన మనిషిని. నల్లగొండ, మిర్యాలగూడ, అప్పుడప్పుడు దేవరకొండ కలిపి ముప్పై నలభై దుకాణాల చిట్టాలు నా చేతుల మీదుగా పోతాయి. వాటిలో ఇప్పుడు షట్టర్ దించేసినవీ ఉన్నాయి. అందుకే ఈ మెసేజ్ మీద నాకు కొంచెం కోపం. దాచుకోను.

మొదటి మాట, ఆశయం లేక మూతపడతాయన్నది. మూతపడ్డ దుకాణాల పాత పుస్తకాలు అటక మీద నుంచి దించి మళ్లీ తిరగేశాను. ఆశయం లేక పోయిన దుకాణం ఒక్కటి కూడా కనిపించలేదు. కనిపించినవి రెండే: ఉద్దెర, అంటే అరువు; మిత్తి, అంటే వడ్డీ.

ఒక పిల్లగాడి సంగతి చెబుతాను. మందులు కొట్టని తిండి మన ఊరికి అందించాలని కొర్రలు, సామలు, గానుగ నూనె పెట్టి దుకాణం తెరిచాడు. ఫ్లెక్సీ మీద దుకాణం పేరు కన్నా ఆశయమే పెద్ద అక్షరాల్లో ఉండేది. నిజంగా మంచి పిల్లగాడు, మంచి సరుకు. పెట్టుబడిలో రెండు లక్షలు బయట తెచ్చాడు, మూడు రూపాయల మిత్తికి. అంటే నూటికి నెలకు మూడు రూపాయలు, ఏడాదికి 36 శాతం. నెలకు మిత్తే 6,000. అతనికి వంద రూపాయల అమ్మకం మీద మిగిలేది పది. ఆ ఆరు వేలు కట్టాలంటే 60,000 సరుకు అమ్మాలి. రోజుకు నాలుగు వేల గిరాకి. లెక్క వేయండి: నెలలో మొదటి పదిహేను రోజులు అప్పిచ్చినవాడి కోసమే దుకాణం తెరిచినట్టు. కిరాయి, కరెంటు, తన తిండి మిగతా పదిహేను రోజుల్లో రావాలి.

ఇక ఉద్దెర. ఇరుగుపొరుగు, చుట్టాలు, తెలిసిన సార్లు. "జీతం పడంగనే ఇస్త తమ్మీ" అనేవాళ్లు. పుస్తకంలో 84,000 అయ్యేదాకా నాకు చెప్పలేదు. ఎందుకు అడగలేదురా అంటే అతనన్న మాట నాకింకా గుర్తుంది: "అన్నా, సేవ అని చెప్పుకుంట పైసలెట్ల అడగాలె?"

మెసేజ్ రాసినవాళ్లకు ఈ ముక్క అర్థం కావాలి. అతనికి ఆశయం తక్కువై నష్టం రాలేదు. ఆశయమే నోరు నొక్కేసింది. మామూలు కిరాణం సేటు అయితే రెండో నెల దాటగానే "పాతది కట్టి కొత్తది పట్టుకపో" అనేవాడు, ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. సేవ అని బోర్డు పెట్టుకున్నవాడు అడిగితే జనం మొహం అదోలా పెడతారు. పద్నాలుగు నెలలు నడిచింది ఆ దుకాణం.

రెండో మాటకు చింతకింది మల్లేశం గారి పేరు వాడుకోవడం నాకు అసలు నచ్చలేదు. ఆయన మా పాత నల్లగొండ జిల్లా మనిషే, ఆలేరు దగ్గర శారాజిపేట. పోచంపల్లి చీర మగ్గం ఎక్కేముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు కదలాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. వాళ్ల అమ్మ లక్ష్మి గారి భుజాలు అలా పోతుంటే చూడలేక యంత్రం చేయాలనుకున్నారు. ఇదంతా నిజం, మెసేజ్‌లోనూ ఉంది.

లేనిది ఏమిటంటే, 1992లో మొదలుపెట్టిన యంత్రం 1999లో గానీ పూర్తికాలేదు. అమ్మ నొప్పి మొదటి రోజూ ఉంది, ఏడో ఏడూ ఉంది. ఆశయంలో ఏ లోపమూ లేదు. మరి డబ్బు దానంతట అదే రావాలి కదా? వచ్చినవి అప్పులు. చుట్టూ ఉన్నవాళ్లు ఎగతాళి చేశారు. పని ఆపి, బతుకుదెరువుకు హైదరాబాద్ వెళ్లి కరెంటు పనులు చేసుకున్నారు. అక్కడ బాలానగర్‌లో ఒక యంత్రం కదిలే తీరు చూశాక, అన్నాళ్లూ తెగని చిక్కు తెగింది. అంటే చిక్కు తెగింది కళ్లతో చూసిన ఒక కదలిక వల్ల. అన్నాళ్లు అన్నం పెట్టింది కరెంటు పని కూలి.

ఆ తర్వాత నేత కుటుంబాలు లక్ష్మి ఆసు యంత్రాన్ని కొన్నది కూడా అమ్మ కథ విని కాదు. గంటల తరబడి పట్టే పని గంటన్నరలో అయిపోతోంది, భుజం నొప్పి లేదు, రోజుకు ఎక్కువ చీరలకు ఆసు తీయొచ్చు. ఏ నేతగాడైనా వేళ్ల మీద వేసుకునే లెక్క ఇది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, మా జిల్లా అంతా సంబరపడ్డాం. ఆశయం ఆయన్ని ఏడేళ్లు ఆ పని పూర్తిగా వదలనీయలేదు. అది చిన్న సంగతి కాదు. కానీ ఆ ఏడేళ్ల ఇంటిఖర్చు ఎవరు భరిస్తారో చెప్పకుండా పాతికేళ్ల పిల్లలకు ఇదే కథ పంపితే, ఉన్న ఉద్యోగం మానేసి కూర్చుంటారు. నా దగ్గరకు అలా వచ్చినవాళ్లు ఇద్దరున్నారు.

మూడోది, కస్టమర్ కథ కొంటాడు అన్నది. కథే అమ్ముడుపోయేదైతే పోచంపల్లిని మించిన కథ ఏ ఊరికుంది? 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు, భూదానోద్యమం పుట్టిన ఊరు. అక్కడి చీరల దుకాణంలో ఒక పూట కూర్చుని చూడండి. తెలిసిన ఆడవాళ్లు చీర చేతికందగానే మొదట చేసే పని తిరగేయడం. పోచంపల్లి నేతను ఇక్కత్ అంటారు, అందులో నూలుకే ముందు ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింటు నకలైతే వెనక వెలవెలబోతుంది. గద్వాల చీరకైతే నూలు ఒంటికీ పట్టు అంచుకూ కలిసే చోట వేలు పెట్టి లాగి చూస్తారు. కథ విని దుకాణం మెట్లెక్కుతారేమో. డబ్బులు తీసేది చీర తిరగేశాకే.

నారాయణపేట బంగారం సంగతీ అంతే. అక్కడికి దూరాభారం పోయి నగలు చేయించుకునేవాళ్లను మీ సేటు ఆశయమేమిటని అడిగి చూడండి, మిమ్మల్ని వింతగా చూస్తారు. మేలిమి అన్న ఒక్క మాట చాలు వాళ్లకు.

ఒక్క మినహాయింపు ఒప్పుకోవాలి. నకలు పక్కనే సగం ధరకు దొరుకుతున్నప్పుడు అసలుకు అంత ధర ఎందుకో చెప్పడానికి కథ కావాలి. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ, అంటే ఆ ఊరి సరుకని తెలిపే భౌగోళిక గుర్తింపు, వచ్చింది కూడా ఇలాంటి గొడవకే. అయితే ఆ కథలో దుకాణదారుడి కలలు ఉండవు. ముడులు, రంగు, పట్టిన రోజులు ఉంటాయి.

నాలుగో మాట, జీతం కన్నా ఆశయం ముఖ్యమన్నది. దీనికి ఎక్కువ రాయను. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు తట్టాబుట్టా సర్దుకుని పోయిన మనుషులు తిరిగే నేల మీద నిలబడి ఆ మాట అనడానికి నోరెలా వస్తుందో తెలియదు. జీతం ఒకటో తారీఖున పడే చోట పనివాడు ఉంటాడు. ఇరవయ్యో తారీఖుకు పడే చోట ఎంత స్ఫూర్తి పోసినా వేరే చోటు చూసుకుంటాడు. పది మంది ఉంటే ఈఎస్‌ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ చట్టం ప్రకారం కట్టాలి. ముందు అవి కట్టిన యజమాని ఆశయం గురించి మాట్లాడితే నేనూ కూర్చుని వింటాను.

ఐదోది అన్నిటికన్నా ప్రమాదం. ఆశయం ఉన్నవాడు ఆగడు అన్నది. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర బాగా నడిచే ఒక మెస్ మిర్యాలగూడలో రెండోది తెరిచింది. ఓనర్ చెయ్యి పడితేనే ఆ పప్పుకు రుచి. ఒకే రోజు రెండు ఊళ్లలో పొయ్యి దగ్గర ఎలా ఉంటాడు? ఏడాదిలో రెండోది మూసి, మొదటిదాని పేరు నిలబెట్టుకోవడానికి మరో ఏడాది తిప్పలు పడ్డాడు.

పెరగడమంటే పెద్దవాళ్లకు సరుకు వేయడం కూడా. పెద్దవాళ్లు పెద్ద ఉద్దెరదారులు. యూనిఫాంలు కుట్టే ఒక అక్కకు పెద్ద ఆర్డర్ వచ్చింది, సంతోషంగా నాలుగు మిషన్లు కొన్నది. బిల్లు డబ్బు మాత్రం ఏడు నెలలకు వచ్చింది. ఇలాంటప్పుడు పనికొచ్చేది 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం. సూక్ష్మ, చిన్న సంస్థ నుంచి సరుకు తీసుకున్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువు లోపల, అదీ 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఇంకో ముడి పడింది: గడువు దాటి, మార్చి 31 లోపల కూడా కట్టకపోతే ఆ ఖర్చును కొన్నవాడు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేడు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. ఇది తయారు చేసేవాళ్లకు, సేవలందించేవాళ్లకే. కొని అమ్మేవాళ్లకు వర్తించదు. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు, ఉండాలి, అది ఉచితం. ఇప్పుడు ఆ అక్క ప్రతి బిల్లు మీదా ఉద్యం నంబరు, కింద గడువు తేదీ అచ్చు వేయించింది. కేసు వేస్తే గిరాకి పోతుందని భయం ఆమెకు, నిజమే. కానీ తేదీ అచ్చయి ఉంటే అవతలి అకౌంటెంట్ మార్చి నెలలో తనంతట తానే ఫోన్ చేస్తున్నాడు.

మరి ఆశయం ఎందుకూ కొరగాదా అని మీరడగొచ్చు. నాకు తెలిసి అది బాగా పనిచేసిన చోటు ఒక కారం గిర్ని. దేవరకొండ రోడ్డులో ఒకామె నడుపుతుంది. ఎండాకాలం మిరపకాయలు పట్టించే సీజన్‌లో బయట మూటలు వరసకట్టి ఉంటాయి. అయినా పసుపు పట్టిన వెంటనే కారం పోయదు. గిర్ని విప్పి, దులిపి, తుడిచి, మొదటి గిద్దెడు కారం పారబోసి అప్పుడు మొదలుపెడుతుంది. రంగు కలపమని వచ్చినవాళ్లను వెనక్కి పంపుతుంది. దీనికి పోయే టైం ఎంతో, పారబోసేది ఎంతో ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. కిలోకు ఐదు రూపాయలు తేలింది. పక్క గిర్ని కన్నా ఆ ఐదు రూపాయలు ఎక్కువ తీసుకుంటుంది, అడిగినవాళ్లకు ఎందుకో చెబుతుంది. కొందరు పోయారు. ఉన్నవాళ్లు పుట్టింటి మిరపకాయలు కూడా ఇక్కడికే తెస్తున్నారు.

ఆమె ఎప్పుడూ ఆశయం అన్న మాట వాడలేదు. మెసేజ్ చూపిస్తే చదివి, "మంచిగనే ఉన్నది గని సారూ, ఇందుల కరెంటు బిల్లు సంగతి లేదేంది?" అన్నది.

ఈ సీజన్‌కు పసుపుకు వేరే గిర్ని పెట్టేస్తే ఆ దులుపుడు బాధ తప్పుతుందని ముద్ర లోనుకు పెడుతున్నాం, కిశోర్ కింద, అంటే యాభై వేలు దాటి ఐదు లక్షల లోపు. బ్యాంకు స్టేట్‌మెంట్, ఉద్యం కాగితం, కిరాయి ఒప్పందం ఫైలులో పెట్టాను. మోటారు కొటేషన్ ఒక్కటే రావాలి.