ముల్లు సున్నాకి తెస్తే మాన్యువల్ వచ్చేసినట్టేనా?

కొత్తగా కెమెరా పట్టినవాళ్లకు తెగ షేర్ అవుతున్న సలహా ఇది: "మొదటి రోజు నుంచే డయల్ ఎం (మాన్యువల్) మీద పెట్టండి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100 దాటనివ్వకండి. షట్టర్ 1/60 సెకను చాలు. మీటర్ ముల్లు సున్నా దగ్గర నిలిస్తే ఎక్స్‌పోజర్ సరిపోయినట్టే."

చివరి మాటతోనే మొదలుపెడదాం, అసలు పొరపాటు అక్కడే ఉంది. ఎదుట ఏమున్నా అది సగటు బూడిదరంగే అనుకుని, వెలుగు కొలిచే మీటర్ లెక్కేస్తుంది. అందుకే ఫ్రేమంతా తెల్లగోడ ఉంటే, ముల్లు సున్నా దగ్గర ఉంచి తీసిన ఫొటోలో అది మాసినట్టు వస్తుంది. నల్లటి బట్ట నిండా ఉంటే వెలిసినట్టు వస్తుంది. తెలుపుకి ముల్లును +1 నుంచి +1.5 దాకా జరపాలి, నలుపుకి -1 దగ్గర ఉంచాలి. తీశాక హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) కుడి అంచుకి గుద్దుకుందేమో చూడాలి. ఇదేమీ చేయకుండా ముల్లును సున్నాకి తేవడమంటే అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్, అంటే లెన్సు రంధ్రం సైజు, మనం పెడితే షట్టర్‌ని కెమెరా ఎంచుకునే మోడ్) కెమెరా తనంతట తాను చేసే పనిని మనం చేత్తో చేయడమే. ఫొటోలో తేడా ఏమీ రాదు.

1/60 మాట చేతి వణుకు వరకే, అదీ వైడ్ లెన్సులకే. క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది) మీద 50 ఎంఎం లెన్సుకి కనీసం 1/80 కావాలి. నడిచే మనిషికి 1/250, పరుగెత్తే పిల్లలకు 1/500 లేదా అంతకన్నా వేగం. చేతి వణుకును తగ్గించే స్టెబిలైజేషన్ ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు.

ఇక ఐఎస్ఓ. గదిలో ఎఫ్/2.8, 1/250 దగ్గర 1600 కావాల్సిన చోట 100 పెడితే ఫొటో నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగం) చీకటిగా వస్తుంది. ఎడిటింగ్‌లో పైకి లాగితే నాయిస్ (గరుకు చుక్కలు) ఎటూ కనిపిస్తుంది, చాలా కెమెరాల్లో ఇంకా ఎక్కువగా. నాయిస్‌కి ముఖ్య కారణం సెన్సర్‌కి చేరిన వెలుతురు తక్కువ కావడం. కదలికను బట్టి షట్టర్, ఎంత లోతు దాకా ఫోకస్ కావాలో దాన్నిబట్టి అపర్చర్ పెట్టి, ఐఎస్ఓని చివర తేల్చండి. నాయిస్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని బాగుచేయలేం.

మొదటి రోజే ఎం అక్కర్లేదు. అపర్చర్ ప్రయారిటీలో ఎఫ్/1.8, ఎఫ్/5.6 తేడా కంటికి పట్టాక ఎంకి వెళ్లండి. వెలుతురు మారకుండా బట్టలు గానీ నేపథ్యం గానీ మారుతున్నప్పుడు, పనోరమాకి, ఫ్లాష్‌కి ఎం నిజంగా కావాలి. నిండు చంద్రుడికీ అంతే: చుట్టూ ఉన్న చీకటి చూసి మీటర్ ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, చంద్రుడు తెల్లటి మచ్చగా మిగులుతాడు. ఎఫ్/11, 1/125, ఐఎస్ఓ 100తో మొదలుపెట్టండి. ముందు ఆటో ఐఎస్ఓ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఎం మోడ్‌లో కూడా మీరు షట్టర్ మార్చిన ప్రతిసారీ కెమెరా ఐఎస్ఓ మార్చి ఫొటోని మళ్లీ అదే వెలుగుకి తెస్తుంది.